చూపు కూడా నేర్చుకునేదే అన్న హెల్మ్‌హోల్ట్జ్

షుగరు ఉన్న పెద్దవాళ్లు లేని ఇల్లు ఈ రోజుల్లో తక్కువ. వాళ్లు కంటి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా ఆగి, చీకటి గదిలో కూర్చోబెట్టి ఒక చిన్న దీపపు పరికరంతో కంటి లోపలికి చూస్తారు. ఆ పరికరం పేరు ఆఫ్తాల్మోస్కోపు. ఇప్పుడు దానికి తోడుగా ఇంకా పెద్ద యంత్రాలు వచ్చాయి గానీ, బతికున్న మనిషి కంటి లోపలి భాగాన్ని కోత లేకుండా చూడవచ్చని లోకానికి చూపించినది జర్మనీకి చెందిన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఆయన అంతటితో ఆగలేదు. ఆ కన్ను లోకాన్ని ఎలా చూస్తుంది, అందులో కంటి పని ఎంత, మెదడు పని ఎంత అనే ప్రశ్న పట్టుకుని దాదాపు ఇరవై ఏళ్లు పని చేశారు. చూపు పుట్టుకతోనే పూర్తిగా వచ్చేది కాదు, మాట నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకుంటాం అన్నది ఆయన తేల్చిన విషయం. పిల్లలను పెంచుతున్న ఇళ్లకు ఇది తెలియవలసిన సంగతి. అందుకే ఆయన జీవితాన్ని ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాం.

బడిపంతులు కొడుకు

హెల్మ్‌హోల్ట్జ్ 1821 ఆగస్టు 31న బెర్లిన్ దగ్గరున్న పాట్స్‌డామ్ పట్టణంలో పుట్టారు. అది అప్పటి ప్రష్యా రాజ్యం. తండ్రి ఫెర్డినాండ్ ఆ ఊరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. ప్రాచీన భాషలు, తత్వశాస్త్రం ఆయనకు ఇష్టమైన విషయాలు. తల్లి పేరు కారొలీన్. ఇంట్లో హెర్మన్ పెద్ద కొడుకు. చిన్నతనంలో తరచూ జబ్బుపడి మంచం మీదే ఎక్కువ కాలం గడిపారు. ఆ రోజుల్లో చెక్క దిమ్మలతో ఆడుకుంటూనే ఆకారాల సంగతి పట్టుబడిందనీ, బడిలో జామెట్రీ మొదలుపెట్టేసరికి అందులో చాలా విషయాలు తనకు ముందే తెలిసినవిగా అనిపించాయనీ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు.

అన్నింట్లో ముందుండే పిల్లవాడు మాత్రం కాదు. కుడి ఏదో ఎడమ ఏదో గుర్తుపట్టడం కష్టంగా ఉండేది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలు, వ్యాకరణంలోని మినహాయింపులు, చరిత్రలోని వివరాలు జ్ఞాపకం ఉండేవి కావు. అదే లెక్కగా, కారణంతో ముడిపడి ఉన్నదైతే ఇట్టే పట్టేసేవారు. తరగతిలో లాటిన్ పాఠం జరుగుతుంటే బల్ల కింద కాగితం పెట్టుకుని టెలిస్కోపులో వెలుగు ఏ దారిన పోతుందో లెక్కలు వేసేవారట.

ఆయన బాల్యంలోని ఒక చిన్న సంఘటన ఇక్కడ చెప్పాలి. తల్లి చేయి పట్టుకుని పాట్స్‌డామ్ వీధిలో నడుస్తుంటే ఒక చర్చి గోపురం మీద మనుషులు నిలబడి కనిపించారు. పిల్లవాడి కంటికి వాళ్లు బొమ్మల్లా ఉన్నారు. చేయి చాపి ఆ బొమ్మలను దింపి ఇమ్మని తల్లిని అడిగాడు. దూరంలో ఉన్నది చిన్నగా కనబడుతుందని ఆ వయసుకు ఇంకా తెలియదు. మనమందరం ఇలాంటివి చేసి మరిచిపోతాం. ఆయన మరిచిపోలేదు. పెద్దయ్యాక శాస్త్రగ్రంథం రాసేటప్పుడు దూరాన్ని, పరిమాణాన్ని మనిషి అనుభవంతోనే నేర్చుకుంటాడనడానికి దీన్నే ఉదాహరణగా చెప్పారు.

బాండు మీద చదివిన వైద్యం

ఆయన మనసు ఫిజిక్సు మీద ఉండేది. కానీ ఆ రోజుల్లో ఫిజిక్సు చదివితే కూడు పెట్టే ఉద్యోగం దొరికేది కాదు. ఉపాధ్యాయుడి జీతంతో ఇంతమంది పిల్లలను పెంచుతున్న తండ్రి విశ్వవిద్యాలయం ఖర్చు భరించలేరు. ప్రష్యా సైన్యం బెర్లిన్‌లో ఒక వైద్య విద్యాలయం నడిపేది. అక్కడ చేరితే చదువుకు ఖర్చు లేదు, చదువు అయ్యాక ఎనిమిదేళ్లు సైన్యంలో డాక్టరుగా పని చేయాలి. 1838లో ఆయన ఆ షరతుకు ఒప్పుకుని చేరారు. ఇష్టమైన చదువు ఒకటి, ఇల్లు గడవడానికి పనికొచ్చే చదువు ఇంకొకటి అయినప్పుడు మన పిల్లలు పడే ఇబ్బందే ఆయనా పడ్డారు.

బెర్లిన్‌లో జొహానెస్ ముల్లర్ అనే పేరుమోసిన ఆచార్యుడి దగ్గర శరీరధర్మశాస్త్రం నేర్చుకున్నారు. ఎమిల్ దుబ్వా-రేమాన్, ఎర్నస్ట్ బ్రూకె అనే ఇద్దరు స్నేహితులు అక్కడే దొరికారు. శరీరంలో జరిగే ప్రతి పనినీ ఫిజిక్సు, కెమిస్ట్రీ సూత్రాలతోనే వివరించగలగాలన్నది ఈ స్నేహితుల పట్టుదల. 1841లో ఆయనకు టైఫస్ జ్వరం వచ్చింది. విద్యార్థి కాబట్టి ఆసుపత్రిలో ఉచితంగా చూశారు. మంచంలో ఉన్న రోజుల్లో ఖర్చు కాని భత్యం కొంత మిగిలింది. ఆ డబ్బుతో ఒక చిన్న మైక్రోస్కోపు కొనుక్కున్నారు. దానితో పురుగుల వంటి చిన్న జీవుల నరాలను పరిశీలించి, నరపు పోగులు నరకణాల నుంచే మొదలవుతాయని చూపి 1842లో డాక్టరు పట్టా పొందారు.

ఆ తర్వాత పాట్స్‌డామ్‌లోనే గుర్రపు దళానికి వైద్యుడిగా పని చేశారు. సైనికుల నివాసాల్లోనే చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నారు. 1847 జులైలో, ఇరవై ఆరేళ్లు నిండకముందే, శక్తి ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుందే గానీ నశించదు అనే సిద్ధాంతాన్ని గణితంతో వివరిస్తూ బెర్లిన్‌లో ఒక ప్రసంగం చేశారు. అప్పటి ప్రముఖ ఫిజిక్సు పత్రిక దాన్ని అచ్చు వేయడానికి ఒప్పుకోలేదు. ఆయన విడిగా చిన్న పుస్తకంగా వేయించారు. ఈ రోజు హైస్కూలు పిల్లలు చదివే శక్తి నిత్యత్వ నియమానికి పునాది వేసిన రచనల్లో అది ఒకటి. మరుసటి ఏడాది అలెగ్జాండర్ హంబోల్ట్ మాట సాయంతో ఎనిమిదేళ్ల బాండు పూర్తి కాకుండానే సైన్యం నుంచి విడుదల దొరికింది. 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి వచ్చింది. అదే ఏడాది ఓల్గాతో పెళ్లి జరిగింది.

అట్టముక్కలు, కళ్లద్దాలతో తయారైన పరికరం

కోనిగ్స్‌బర్గ్‌లో మొదట చేసినది నరాల వేగం కొలవడం. నరంలో వార్త ఎంత వేగంగా పోతుందో ఎన్నటికీ కొలవలేమేమో అని గురువు ముల్లరే అనుకునేవారు. హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి కండరానికి పోయే నరాన్ని తీసుకుని, కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తు తగిలించి, కండరం కదలడానికి పట్టిన కాలంలోని తేడా కొలిచారు. కొలతలను పక్కన కూర్చుని రాసిపెట్టింది భార్య ఓల్గా. లెక్క తేలితే వేగం సెకనుకు సుమారు 27 మీటర్లే. మెరుపు వేగం కాదు, ఇప్పటి రైలు వేగం. కాలికి ముల్లు గుచ్చుకున్న సంగతి మెదడుకు చేరడానికి కూడా కొంత కాలం పడుతుందని అప్పుడు తెలిసింది.

1850 చివర్లో విద్యార్థులకు కంటి గురించి పాఠం చెప్పడానికి సిద్ధమవుతున్నారు. కంటిపాప ఎప్పుడూ నల్లగా ఎందుకు కనబడుతుంది, పిల్లి కళ్లు చీకట్లో ఎందుకు మెరుస్తాయి అన్నది విషయం. కంటిలోకి పోయిన వెలుగులో కొంత తిరిగి బయటికి వస్తుంది. కానీ అది వచ్చిన దారినే వెనక్కి, దీపం వైపే పోతుంది. చూసేవాడు ఆ దారిలో తల పెడితే దీపానికి అడ్డం పడతాడు. అందుకే మనకు నల్లగా కనబడుతుంది. స్నేహితుడు బ్రూకె ఇంతవరకు కనుక్కున్నారు. తిరిగి వచ్చే వెలుగు ఎలాంటి బొమ్మను ఏర్పరుస్తుందన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. హెల్మ్‌హోల్ట్జ్ వేసుకున్నారు. దీపాన్ని పక్కన పెట్టి, పల్చని గాజు పలకలను ఏటవాలుగా నిలిపి, వాటి మీద పడి మళ్లిన వెలుగును రోగి కంటిలోకి పంపారు. తాను ఆ గాజు వెనక నుంచి చూశారు. బొమ్మ స్పష్టం కావడానికి ఒక కటకం పెట్టారు. అట్టముక్కలు, కళ్లజోడు అద్దాలు, మైక్రోస్కోపుకు వాడే గాజు రేకులు, జిగురు, ఇంతే సామగ్రి. వారం పది రోజులు తంటాలు పడ్డాక రెటీనా, దాని మీది సన్నని రక్తనాళాలు కంటికి కనిపించాయి. డిసెంబరు 6న బెర్లిన్‌లో ఈ సంగతి తెలియజేశారు, 1851లో పుస్తకంగా ప్రకటించారు.

ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ కొన్నేళ్ల ముందే ఇలాంటి పరికరం ఒకటి తయారుచేసి ఒక కంటి వైద్యుడికి చూపించారు. ఆ వైద్యుడు దాన్ని పట్టించుకోలేదు, అది అక్కడితో ఆగిపోయింది. హెల్మ్‌హోల్ట్జ్ పరికరాన్ని మాత్రం బెర్లిన్ కంటి వైద్యుడు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె వెంటనే అందుకుని రోగుల మీద వాడసాగారు. అంతకుముందు పైకి ఏ లోపమూ కనబడకుండా చూపు పోతే వైద్యుడు చేసేదేమీ ఉండేది కాదు. ఇప్పుడు నీటికాసుల వల్ల నరం తలకు జరిగే నష్టం, రెటీనా ఊడిపోవడం, రక్తం కారడం కళ్లారా చూడగలిగారు. షుగరు రెటీనాను పాడు చేస్తున్నట్టు రోగికి తెలియకముందే డాక్టరుకు తెలిసే అవకాశం ఇక్కడి నుంచే మొదలైంది. చూపు బాగానే ఉంది కదా అని ఏడాది పరీక్ష వాయిదా వేసే పెద్దలు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి.

పొగను చూసి నిప్పును తెలుసుకున్నట్టు

1855లో బాన్ నగరానికి, 1858లో హైడల్‌బర్గ్‌కు ఆయన మారారు. ఈ కాలంలోనే దృష్టి మీద మూడు భాగాల మహాగ్రంథం రాశారు. మొదటి భాగం 1856లో వచ్చింది, మొత్తం 1867కి పూర్తయింది. మొదటి భాగం కంటిని ఒక యంత్రంగా చూస్తుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు కంటి కటకం ఉబ్బుతుందని ఆయన కొలిచి చూపించారు. నలభై దాటాక చత్వారం ఎందుకొస్తుందో డాక్టర్లు వివరించేది ఈ విషయం ఆధారంగానే. కంటి నిర్మాణంలోని లోపాలు కూడా లెక్కపెట్టారు. అంచుల్లో బొమ్మ మసక, రంగులు సరిగా ఒకచోట చేరవు, నరం బయటికి పోయే చోట అసలు చూపే లేదు. ఇలాంటి పనితనంతో దుకాణదారుడు పరికరం అమ్మితే తిప్పి పంపేవాడినని ఆయన పరిహాసంగా అన్నారు.

రెండో భాగంలో రంగుల సంగతి ఉంది. ఇంగ్లండుకు చెందిన థామస్ యంగ్ 1802లోనే, కంటిలో మూడు రకాల గ్రాహకాలు ఉంటే చాలు, వాటి కలయికతో అన్ని రంగులూ కనబడతాయని ఊహించారు. హెల్మ్‌హోల్ట్జ్ మొదట దీన్ని కాదన్నారు. తర్వాత తన ప్రయోగాలను, మాక్స్‌వెల్ ప్రయోగాలను సరిచూసుకుని ఒప్పుకున్నారు, యంగ్ పేరు మరుగున పడకుండా చూశారు. ఇప్పుడు మన చేతిలోని ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటితోనే అన్ని రంగులూ చూపిస్తోంది.

మూడో భాగమే అన్నిటికన్నా ముఖ్యమైనది. లోపాలున్న ఈ కంటితో లోకం ఇంత చక్కగా ఎలా కనబడుతోంది? ఆయన జవాబు ఇది: కన్ను పంపేవి గుర్తులు మాత్రమే, వాటికి అర్థం చెప్పేది మెదడు. మన తర్కశాస్త్రంలో అనుమానం అనే మాటకు సందేహం అని కాదు అర్థం. పొగను చూసి కొండ మీద నిప్పు ఉందని తెలుసుకోవడం అనుమానం. మెదడు క్షణక్షణమూ ఇలాంటి అనుమానమే చేస్తుంది, చేస్తున్నట్టు మనకు తెలియదు అన్నారు ఆయన. మసక వెలుతురులో తాడును చూసి పామని ఉలిక్కిపడడం కంటి తప్పు కాదు. ఉన్న కొద్దిపాటి గుర్తులతో మెదడు తొందరపడి వేసిన లెక్క అది.

ఆయన చెప్పిన ఒక రుజువు చాలా సులువైనది. రెప్ప మూసుకుని కంటి బయటి మూలను వేలితో మెల్లగా తాకితే ముక్కు వైపున ఒక వెలుగు మచ్చ కనబడుతుంది. తాకింది ఒక వైపు, కనబడేది ఇంకో వైపు. ఎందుకంటే రెటీనాలో బయటి వైపు భాగానికి ఎప్పుడూ ముక్కు వైపు నుంచి వచ్చే వెలుగే అందుతుంది. పుట్టినప్పటి నుంచీ అలవాటైన లెక్కనే మెదడు ఇక్కడా వేస్తుంది. అక్కడ దీపం లేదని మనకు తెలిసినా ఆ మచ్చ చెరిగిపోదు. కంటి ఆపరేషన్ అయినవారు, నీటికాసుల జబ్బు ఉన్నవారు మాత్రం దీన్ని చేసి చూడవద్దు.

ఇంకో ప్రయోగంలో, బొమ్మను పక్కకు జరిపే ప్రిజమ్ అద్దాలు పెట్టుకుని ఎదురుగా ఉన్న వస్తువును తాకమంటే చేయి మొదట పక్కకు పోతుంది. కొద్దిసేపు తాకుతూ ఉంటే సరిపోతుంది. అద్దాలు తీసేశాక చేయి రెండో వైపుకు తప్పుతుంది. అంటే మెదడు కొద్ది నిమిషాల్లోనే కొత్త లెక్క నేర్చుకుంది. మరో ప్రయోగంలో చీకటి పెట్టెలో అక్షరాలు పెట్టి, ఒక్క మెరుపు వెలుగులో చూశారు. కన్ను కదల్చకుండా, ముందుగానే ఏ మూల మీద మనసు పెడితే ఆ మూల అక్షరాలే చదవగలిగారు. చూపు ఒకచోట, ధ్యాస ఒకచోట ఉండగలవని అలా తేలింది. మెదడు మీద పనిచేసేవారు ఈ విషయాన్ని ఇప్పటికీ పరిశోధిస్తున్నారు.

ఎవాల్డ్ హెరింగ్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త దీనికి గట్టిగా అడ్డం తిరిగారు. దూరం, దిశ తెలిసే శక్తి పుట్టుకతోనే ఉంటుందన్నది ఆయన వాదం. ఈ వాదోపవాదం దశాబ్దాలు సాగింది. తర్వాతి కాలం ఇద్దరికీ చెరి కొంత న్యాయం చేసింది. కొంత అమరిక పుట్టుకతోనే వస్తుంది, అయితే వాడకం లేకపోతే అది నిలబడదు.

ఇంటి కష్టాలు, చివరి రోజులు

ఇంత పని జరుగుతున్న రోజుల్లో ఇల్లు చల్లగా లేదు. ఓల్గాకు క్షయ. 1859 డిసెంబరులో, ఇద్దరు చిన్నపిల్లలను వదిలి ఆమె పోయారు. 1861లో ఆయన అన్నా ఫాన్ మోల్‌ను పెళ్లాడారు. 1863లో సంగీత ధ్వనుల మీద, చెవి వినే తీరు మీద మరో పెద్ద గ్రంథం వెలువరించారు. 1871లో బెర్లిన్‌లో ఫిజిక్సు ఆచార్యుడయ్యారు. డబ్బులేక చదవలేకపోయిన విషయానికే యాభయ్యో ఏట ఆచార్యుడు కావడం చిన్న సంగతి కాదు. రేడియో తరంగాలను ప్రయోగంతో చూపించిన హైన్‌రిష్ హెర్ట్జ్ ఆయన శిష్యుడే. 1888లో షార్లొటెన్‌బర్గ్‌లోని జాతీయ కొలతల సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది కొడుకు రాబర్ట్, 1894 మొదటి రోజున హెర్ట్జ్ చనిపోయారు. 1893లో చికాగో సభలకు వెళ్లి తిరిగి వస్తూ ఓడ మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలింది. మరుసటి వేసవిలో పక్షవాతం వచ్చింది. 1894 సెప్టెంబరు 8న కన్నుమూశారు.

మన ఇళ్లకు అందవలసిన సంగతి

ఆయన పోయి నూరేళ్లు దాటాక మన దేశంలోనే ఆయన ప్రశ్నకు ఒక పరీక్ష జరిగింది. పుట్టుకతో శుక్లాల వల్ల చూపు లేని పిల్లలకు ఆపరేషన్ చేయించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, 8 నుంచి 17 ఏళ్ల మధ్య చూపు వచ్చిన ఐదుగురిని పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. చేత్తో తడిమిన వస్తువు ఏదో కంటితో చూసి వాళ్లు వెంటనే చెప్పలేకపోయారు. కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారు. అంతకుముందే, 1960ల్లో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద పరిశోధించి, పసితనంలో ఒక కన్ను మూసి ఉంచితే ఆ కంటికి మెదడులో దక్కవలసిన చోటు రెండో కంటికి పోతుందని చూపించారు. వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీన్నిబట్టి మన ఇళ్లలో మానుకోవలసిన అలవాటు ఒకటి ఉంది. పిల్లలకు మెల్లకన్ను ఉంటే అదృష్టమని మురిసిపోవడం, పెద్దయితే అదే సర్దుకుంటుందని ఊరుకోవడం. మెల్లకన్ను ఉన్న కంటిని మెదడు పక్కన పెట్టేస్తే ఆ కన్ను ఆరోగ్యంగా ఉన్నా చూపు నేర్చుకోదు. ఏడెనిమిదేళ్లలోపు వైద్యం మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, ఆలస్యమయ్యేకొద్దీ కష్టమవుతుంది. బిడ్డ తల ఒక పక్కకు వంచి చూస్తున్నా, ఒక కన్ను మూస్తే పేచీ పెడుతున్నా, ఫోటోలో కంటిపాప తెల్లగా కనబడుతున్నా ఆగకుండా కంటి డాక్టరుకు చూపించాలి. బడిలో వేసే ముందే ఒకసారి రెండు కళ్లూ విడివిడిగా పరీక్ష చేయించడం మంచిది.

చివరగా ఇంకొక మాట. పసిబిడ్డ చూపు నేర్చుకునే తీరును హెల్మ్‌హోల్ట్జ్ పోల్చింది తల్లిభాష నేర్చుకునే తీరుతోనే. మాటకూ దాని అర్థానికీ ఉన్న సంబంధం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అదే మాట అదే సందర్భంలో పదేపదే వినబడి వినబడి తెలిసిపోతుంది. బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో చదివే మన పిల్లలకు తెలుగు కూడా అలా ఇంట్లో రోజూ వినబడితేనే వస్తుంది. చూపుకైనా మాటకైనా నేర్చుకునే వయసు చిన్నతనమే. ఆ వయసులో పిల్లల పక్కన ఉండేది మనమే కాబట్టి ఈ రెండు బాధ్యతలూ మనవే.